విల్ఫ్ పారేసిన డబ్బా

విల్ఫ్ హెడ్లీ నోట మాట పడిపోవడం ఇంగ్లండు ఉత్తరాన మా డరమ్ బొగ్గుగని ఊళ్ళో ఎవరూ ఎరగరు. గని పైకప్పు పెళ్ళ విరిగి కాళ్ళ ముందు పడ్డనాడు కూడా "ఇంకాస్త ఇటు పడుంటే నాకు సెలవు దొరికేది" అన్నవాడు. అలాంటి మనిషి మొన్న సెప్టెంబరులో తన వంటింట్లోనే, టోపీ చేత్తో పట్టుకుని, కొయ్యబారిపోయాడు. ఆ సంగతి చెప్పాలంటే ముందు లీకుల గురించి చెప్పాలి.

గని మూసేశాక మా మగాళ్ళకి మిగిలినవి లీకులే. ఉల్లికి పెద్దన్నలాంటి ఆ కూరని పిల్లాడి తొడంత లావున పెంచి క్లబ్బులో పోటీకి పెడతారు. పెడితే జతగానే పెట్టాలి, రెండూ కవలల్లా ఉండాలి. ఒంటి లీకు ఎంత గొప్పదైనా బల్ల ఎక్కదు. విల్ఫ్‌కి వాటి మీదున్న ధ్యాసలో పావు వంతు పెళ్ళాం మీద ఉండి ఉంటే థెల్మా మహారాణిలా బతికేది. కన్న కూతురికి జోలపాట పాడనివాడు, లీకులకి బీరు పోసి మరీ కబుర్లు చెప్పేవాడు.

కిందటేడు పోటీ ముందర ఎవరో జతలో ఒకదాన్ని కోసుకుపోయారు. పక్క మడి ఎర్నీది. గనిలో ఒకరి దీపం వెలుగులో ఒకరు పనిచేసినవాళ్ళు. అయినా విల్ఫ్ అడగలేదు, ఆరా తియ్యలేదు. క్లబ్బులో అందరి ముందూ "నా లీకు నీ కడుపులో ఉందిరా" అనేశాడు. ఎర్నీ సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు.

ఈ ఏడు దొంగని పట్టి తీరతానని పంతం పట్టాడు విల్ఫ్. ఎర్నీ అని తేలితే క్లబ్బు నుంచి గెంటిస్తాడు. కాదని తేలితే తనే తల దించుకోవాలి, ఆ ఊసు మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

మడి దగ్గర చెక్క గదిలో అరచేతిలో ఇమిడే కంప్యూటర్ పలక ఒకటి అప్పటికే ఉంది. న్యూకాసిల్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే కూతురు డోరీన్ ఇచ్చింది. లీకులకి వేళకి నీళ్ళు వదిలేది అదే. దానికే కెమెరా తగిలించి ఇంకో ప్రోగ్రాము ఎక్కించేసరికి రెండూ సవతుల్లా తగువుపడి, నీళ్ళూ ఆగిపోయాయి, కెమెరా కూడా పడుకుంది.

డోరీన్ ఫోన్లో నవ్వింది. "గనిలోకి జామ్ రొట్టె, చేప రొట్టె ఒకే డబ్బాలో పట్టుకెళ్ళేవాడివా నాన్నా? దేని డబ్బా దానిదే. ప్రోగ్రాములకీ అంతే, వాటి డబ్బాల్నే కంటెయినర్లంటారు. ముందు ఆ డబ్బాల్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కించు. తరవాత నీళ్ళకో డబ్బా, కెమెరాకో డబ్బా."

కూతురు పంపిన వాక్యాల్ని థెల్మా కళ్ళద్దాలు సర్దుకుంటూ చదివితే, విల్ఫ్ ఒంటి వేలితో టైపు కొట్టాడు. పలక మీద పచ్చ దీపం మిణుకుమిణుకుమంటూ ఉంది, పోసుకున్న టీ చల్లారిపోయింది. చివరికి సాఫ్ట్‌వేర్ ఎక్కి, తెర మీద హలో అంది. ఆ హలోకి విల్ఫ్ టోపీ ఎత్తి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

కెమెరా డబ్బా తెరిచే వాక్యం కొండవీటి చాంతాడంత ఉంది. అందులో ఒక ముక్క, తీసిన బొమ్మల్ని, మాటల్ని డబ్బా బయట ఒక అరలో దాచమని చెప్పేది. ఆ ముక్క దగ్గరే మాటిమాటికీ తప్పంటోంది. విల్ఫ్ ఆ ముక్కే పీకేశాడు. కెమెరా నడిచింది. అదెందుకో డోరీన్‌ని అడుగుదామని థెల్మా అంటే, గని మనిషికి డబ్బా సంగతి ఒకరు నేర్పాలా అని కసిరాడు.

పోటీ దగ్గర పడింది. విల్ఫ్ క్షవరానికి పట్నం వెళ్ళొచ్చేసరికి బల్ల మీద సూపు పొగలు కక్కుతోంది, లోపల పిండి ఉండలు. మారడిగి వేయించుకున్నాడు. ఇంత కమ్మగా ఎప్పుడూ చెయ్యలేదే అన్నాడు. పెళ్ళయ్యాక ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు అదేననుకుంటా. థెల్మా మురవలేదు. అతని మొహం వంకే చూస్తూ కూర్చుంది.

తిన్నాక మడికి వెళ్ళాడు. జతలో ఒక లీకు లేదు. దాని గుంట మాత్రం ఉంది.

రొప్పుకుంటూ ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిస్తే కెమెరా పేజీ రాదే! గిర్రున తిరుగుతోంది. డబ్బా మొరాయిస్తే పారేసి కొత్తది తెరవడమేనని డోరీన్ ఎప్పుడో అన్నమాట గుర్తొచ్చింది. థెల్మా ఆగమంటూ చెయ్యి పట్టుకునేలోపే పాత డబ్బాని తీసెయ్యమని కొట్టేశాడు. కొత్తది తెరిచాడు. పేజీ అద్దంలా వచ్చింది. లోపల ఒక్క బొమ్మా లేదు.

డోరీన్‌కి ఫోన్ చేస్తే ఆ పిల్ల ఒకటే అడిగింది, బయటి అర పెట్టావా అని. ఆ ముక్క పీకేశానన్నాడు విల్ఫ్.

"అయితే లోపలున్నదంతా డబ్బాతోనే పోయింది నాన్నా. ఇక రాదు."

విల్ఫ్ ఫోన్ పెట్టేశాడు. టోపీ అందుకున్నాడు. బొమ్మ లేకపోతేనేం, దొంగెవడో తనకి తెలుసుననీ, ఇవాళే క్లబ్బు కమిటీ ముందు ఎర్నీ గాణ్ణి నిలబెడతాననీ బయల్దేరాడు.

థెల్మా తలుపుకి అడ్డం నిలబడింది.

"ఎర్నీ కాదు. నేను."

నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"పొద్దున కత్తి పట్టుకెళ్ళి నేనే కోశాను. కిందటేడూ నేనే. రెండుసార్లూ సూపు చేశాను. రెండుసార్లూ నువ్వే మారడిగి తిన్నావు."

అదిగో, అప్పుడు పడిపోయింది విల్ఫ్ మాట. చేతిలో టోపీ చేతిలోనే ఉంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు, అందులో ఎవరో ఉన్నట్టు.

"కెమెరా ఉందని తెలిసి కూడానా?" అన్నాడు ఎప్పటికో.

"తెలిసే. దాని ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. కిందటేడు మా అక్క ఐవీని పూడ్చిన రోజు, ఎండకి లీకులు వాడిపోతాయని నువ్వు రాలేదు చూడు, అక్కణ్ణుంచి మొదలుపెట్టి. ఎర్నీ నింద మోస్తుంటే నోరు మూసుకున్నందుకు నా సిగ్గు కూడా చెప్పుకున్నాను. ఇంట్లో చెబితే నీ చెవికెక్కదు. ఆ పలకలో కనబడితే కళ్ళార్పకుండా చూస్తావనుకున్నాను. పిచ్చిదాన్ని, పౌడరు కూడా రాసుకుని వెళ్ళాను."

"మళ్ళీ చెప్పవే," అన్నాడు.

"ఒకసారి చెప్పాను. నువ్వు పారేశావు."

విల్ఫ్ ఆమెని దాటుకుని మడికి నడిచాడు. మిగిలిన లీకుని కొలవలేదు, నిమరలేదు. మట్టితో సహా పెకలించి ఎర్నీ తలుపు కొట్టాడు. వెనకాల థెల్మా, ఏప్రన్ కూడా విప్పకుండా.

ఎర్నీ తలుపు తీసి లీకుని చూశాడు. ఎంతైనా లీకుల మనిషి, తిట్టు కంటే ముందు అదే వచ్చింది నోటికి.

"దీని జతేదిరా?"

"తినేశాను," అన్నాడు విల్ఫ్. "కిందటేడుది కూడా నేనే తిన్నాను."

ఎర్నీ విల్ఫ్ మొహం చూశాడు, థెల్మా మొహం చూశాడు, గడప మీద రాలుతున్న మట్టి చూశాడు. తలుపు వెయ్యలేదు.