షట్టర్ పడేదాకా టీవీ ప్రకటనలు

మా చిన్నప్పుడు, ఆదోనిలో, ఆదివారం పొద్దున నాగప్ప అంగడి షట్టర్ పైకి లేచేది... టీవీలో ప్రకటనలు చూపించడానికి.

మా వీధికంతా అదొక్కటే టీవీ. గల్లాపెట్టె వెనక ఎత్తు బల్ల మీద, వీధి వైపు తిప్పి పెట్టాడు. సబ్బులు, పళ్లపొడి, బట్టల పొడి... టీవీలో వచ్చేవన్నీ ఆయన అంగడిలో దొరికేవి. అందుకని ప్రకటనలు అయ్యేదాకా షట్టర్ తీసే ఉంచేవాడు. పురాణం సీరియల్ మొదలవగానే దించేసేవాడు. లోపల ఆయన ఇంటివాళ్లు, చుట్టాలు చాపల మీద కూర్చుని చూసేవాళ్లు. బయట మేము.

మేమంటే, మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీల ఇళ్లవాళ్లం.

నురగలో నవ్వే అమ్మాయి... మెరిసే పళ్ల పిల్లాడు... తెల్ల చొక్కా చూసి మురిసిపోయే ఇల్లాలు. పాటలన్నీ హిందీ. సరోజకు అన్నీ నోటికి వచ్చు. హమాలీ ఈరన్న కూతురు. తర్వాత నా భార్య. టీవీ కంటే ఒక మాట ముందే పాడేది.

"ఈరన్నా, నీ బిడ్డ బొంబాయికి పోతాది. మీ ఇంట్లో సబ్బుకు కరువుండదు ఇంగ" అనేవాళ్లు తోటి హమాలీలు.

"ముందు నువ్వు నీళ్లు పోసుకోప్పా. సబ్బు సంగతి తర్వాత" అనేవాడు ఈరన్న.

షట్టర్ పడ్డాక కూడా ఆడవాళ్లు కదిలేవాళ్లు కాదు. చెప్పులు విడిచి, మూసిన షట్టర్‌కు దండం పెట్టుకుని, లోపలి శంఖం, మాటలు వింటూ నిలబడేవాళ్లు.

ఒక వారం సీరియల్లో దేవుడి పెండ్లి అని తెలిసింది. ఈరన్న తల్లి కోసిగి నుంచి వచ్చింది. అందరం అవ్వ అనేవాళ్లం. కొంగున అక్షింతలు ముడి వేసుకుని వచ్చింది... పెండ్లి చూసి నాలుగు గింజలు చల్లాలని.

ప్రకటనలు అయిపోయాయి. నాగప్ప గుమాస్తా షట్టర్ దించడానికి లేచాడు.

"సబ్బులు సూసినారు కదా. పోండి ఇంగ."

"అన్నా, మాయమ్మ ఒక్కతే. గడప కాడ కూసుంటాది. మేమంతా పోతాము" అన్నాడు ఈరన్న.

"దేవుడు గుళ్లో ఉంటాడు, ఆడికి పో అవ్వా. ఈడుండేది సబ్బులే."

చాపల మీద ఎవరో నవ్వారు.

దిగుతున్న షట్టర్‌ను ఈరన్న చేత్తో పట్టుకున్నాడు. గుమాస్తా దాని మీద కాలు పెట్టి తొక్కాడు. చూసి తొక్కాడో, చూడక తొక్కాడో... ఇనుము గడప రాయికి తగిలిన చప్పుడు రాలేదు. మధ్యలో వేళ్లు ఉన్నాయి.

ఈరన్న అరుపు ఆ తర్వాత వినపడింది.

హమాలీల నడుముకు ఎప్పుడూ కొక్కేలు ఉంటాయి. బోరాలు లాగే ఇనప కొక్కేలు. నాలుగైదు ఒకేసారి షట్టర్ కిందకు దూరాయి. పైకి లాగారు. రేకు చినిగింది. గుమాస్తాను కాలరు పట్టి బయటికి ఈడ్చారు. ఒకడి కొక్కెం అతని భుజంలో దిగబడి, లాగితే చొక్కాతో పాటు కండ వచ్చింది. అడ్డం వచ్చిన నాగప్పను తక్కెడతో కొట్టారు. నుదురు పగిలింది. లోపలి ఆడవాళ్లు పిల్లల్ని చుట్టుకుని గోడకు అంటుకుపోయారు. చిరిగిన బస్తాల్లోంచి కందిపప్పు కాళ్ల కిందికి పారింది. జారి పడినవాణ్ణి తొక్కి కొట్టారు.

టీవీ మాత్రం ఆడుతూనే ఉంది. మంగళ వాయిద్యాలు వినిపిస్తున్నాయి.

అవ్వ గడప దాటి లోపలికి పోయింది. ఎదురుగా కొట్టుకునేవాళ్ల వీపులు.

"జరగండిరా! నాకు కనపల్లేదు... జరగండిరా!"

ఆమె ముందుకు చేరేలోగా ఈరన్న మంచి చేత్తో కొక్కెం తిప్పి టీవీని కొట్టాడు. పిక్చర్ ట్యూబు పేలింది. తల్లి తన వెనకే ఉందని అతనికి తెలియదు.

అంతా ఆగిపోయారు. గాజు పెంకులు రాలుతున్న చప్పుడు ఒక్కటే.

"ఎంత పని చేస్తివిరా నాయనా..." అంది అవ్వ. అప్పుడు కొడుకు చేయి చూసింది. అంగడిలో చిరిగిపోయిన పసుపు మూటలోంచి దోసిట్లో తీసి ఆ చేతిని అదిమి పట్టుకుంది. పసుపు ఎర్రగా అయింది. కొంగున ముడి అలాగే ఉంది.

సరోజ నా పక్కనే నిలబడి ఉంది. ఏడవలేదు. పగిలిన టీవీనే చూస్తోంది.

ఈరన్నకు మూడు వేళ్లు తీసేశారు. కేసు అయింది. బోరాలు ఎత్తే పని పోయింది. వాళ్లు ఎమ్మిగనూరు పోయి, మగ్గాల ఇళ్లలో నూలు కండెలు చుట్టి బతికారు. అవ్వ ఆ పెండ్లి చూడకుండానే పోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఎమ్మిగనూరులోనే సరోజను పెళ్లి చేసుకున్నాను. మా ఇంటికి టీవీ వచ్చింది. ప్రకటనలు కదలకుండా కూర్చుని చూసేది. అవి అయిపోయి అసలు కార్యక్రమం మొదలవగానే లేచి వంటింట్లోకి పోయేది.

"కూర్చో, ఇప్పుడే కదా మొదలైంది" అనేవాణ్ణి.

"ఇంగేముంది... అయిపాయె కదా" అనేది.

ఎన్నేళ్లయినా అదే మాట. నేను ఎదురు చెప్పడం మానేశాను.

మొన్న చలికాలంలో సరోజ పోయింది.

స్నేహితులు ఆ పాత ప్రకటనల వీడియోలు పంపుతున్నారు. చూస్తున్నాను. మేం వాటికోసం పరిగెత్తేవాళ్లం... ఇప్పుడు పిల్లలు అవి రాగానే వేలితో దాటేస్తున్నారు. ఆ సీరియల్ కూడా వెతికితే ఫోన్లో దొరుకుతుందట. సరోజ ఉండగా వెతకలేదు. ఇప్పుడు ఒక్కణ్ణే చూడలేను.

ఆ రోజుల్లో చాపల మీద కూర్చుని చూసినవాళ్లు మీలో ఉంటారు. ఉంటే రాయండి...

ఆ పెండ్లి ఎలా జరిగింది?