ఖలఫ్ ఊడదీసిన వెండి

ఖలఫ్ ఇత్తడి బేసినును మోకాళ్ళ మధ్య బిగించి, అంచు మీది వెండి అక్షరం కిందికి సన్న ఉలి దూర్చాడు. వెండి కదల్లేదు. ఇంకొంచెం నొక్కాడు. ఉలిమొన విరిగింది.

ఎదురుగా సుతైతా ఒళ్ళో గుడ్డ పరుచుకుని, రాలే రేకుల కోసం చూస్తోంది. ఆ బేసిను ఆమె పెళ్ళికి తండ్రి చేయించినది. వెండి పొదిగింది ఖలఫే.

“మా నాన్న నీకు కూలి మరీ ఎక్కువిచ్చాడేమో ఉస్తాదూ, ఇంత గట్టిగా దిగ్గొట్టావు!” అంది.

“ఊడిపోతే మీ నాన్న నన్ను బజార్లో తిరగనిచ్చేవాడా అమ్మా?”

ఆ యేడు నైలు పొంగలేదు. కైరోలో పిండి దొరకడమే గగనమైంది. కొత్తగా పొదిగించుకునేవాళ్ళు లేరు. మా బజారులో మిగిలింది, అమ్ముకోవడానికి పాత వెండి ఊడదీసే పనే. నాసిరకం పనివాడి వెండి కత్తి తగలగానే లేచి వచ్చేది. ఖలఫ్ వయసులో ఉన్నప్పుడు ప్రతి గాడి అంచునూ లోపలికి తొలిచి, రేకును దాని కిందికి కొట్టి బిగించేవాడు. ముసలితనంలో ఆ అంచులనే ఒక్కొక్కటిగా పైకి లేపవలసి వచ్చింది.

బేసిను చుట్టూ ఉన్నవి దీవెనలు: కీర్తి, సంపద, దీర్ఘాయువు.

“దీర్ఘాయువు ఒక్కటీ ఉంచెయ్. మనవరాలికి ఒళ్ళు కాలిపోతోంది. దీన్లో నీళ్ళతోనే తుడుస్తున్నా,” అంది సుతైతా.

సరేనన్నాడు. మధ్యాహ్నానికి తక్కినదంతా వచ్చేసింది. పక్క కొట్టు షరాబు తూచి పెదవి విరిచాడు.

“దీనికి పిండి బస్తా రాదు పిన్నీ. ఆ ఒక్క మాటా కలిపితే వస్తుంది. అక్షరాలు లావుగా ఉన్నాయిగా.”

సుతైతా ఆ అక్షరాలను బొటనవేలితో తడిమింది. “తియ్యి,” అంది.

“ఇంకోసారి ఆలోచించుకో అమ్మా.”

“ఆలోచిస్తే పిల్ల కడుపు నిండుతుందా? నిన్నటి నుంచీ గంజి కూడా లేదు. తియ్యి ఉస్తాదూ.”

తీశాడు. ఇత్తడి చిట్లకుండా తీసేసరికి పొద్దు వాలింది. చివరి రేకు గుడ్డలో పడగానే ఆమె లేవబోయింది. ఖలఫ్ ఆగమన్నాడు. నల్ల లక్క కరిగించి ఖాళీ గాళ్ళన్నిటిలో నింపి, చల్లారాక సన్న ఇసుకతో రుద్దాడు. అక్షరాలు నల్లగా తేలాయి.

“ఇదెందుకు ఇప్పుడు?”

“గాళ్ళలో నీళ్ళు నిలిస్తే చిలుమెక్కుతుందమ్మా. జబ్బు పిల్ల కదా.”

బేసినును పొడి గుడ్డతో తుడిచి ఆమె చేతుల్లో పెట్టాడు.