గడ్డి మొలవని చోటు

నా చిన్నప్పుడు మా వాడలో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, గంజి వాసన. ఖిల్లా వరంగల్‌లో మాదొక మగ్గాల వాడ. వాడ చివర కాకతీయుల నాటి రాతి గుడి, గుడి ముందు విశాలమైన మట్టి నేల. ఆ నేల మీదే మా వాళ్లంతా పడుగులు చాపుకునేవారు. పడుగంటే మగ్గం ఎక్కబోయే నిలువు దారాలు. వాటిని బారుగా గుంజి కట్టి, వెదురు కర్రల మీద ఆనించి, గంజి పట్టించి, అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వాలి. ఎండ ముదరక ముందే ఆ పని అయిపోవాలి. ఒకసారి గంజి పడ్డాక, అది ఆరేదాకా పడుగును ఎత్తకూడదు, దువ్వడం ఆపకూడదు. ఆపితే దారాలు అతుక్కుపోయి నేతకు పనికిరాకుండా పోతాయి. ఇంకో మాట, చాపిన పడుగును ఎవరూ దాటరు. ఎంత పెద్దవాడైనా, ఎంత తొందరలో ఉన్నా, చివరి దాకా నడిచి చుట్టు తిరిగి పోవాల్సిందే. మా వాడలో పెళ్లి ఊరేగింపులు కూడా అలాగే చుట్టు తిరిగి పోయేవి, బ్యాండు మేళంతో సహా.

పడుగు దగ్గర పెత్తనమంతా మా బాపమ్మది, అంటే మా నాన్నను కన్న తల్లిది. అటువైపు కుంచె మా అమ్మ పట్టుకునేది. గంజి గిన్నె మోసుకుంటూ వాళ్ల వెంట నడవడం నా పని. మనిషి పీచులా ఉండేది మా బాపమ్మ, గొంతు మాత్రం గుడి గంటే. ఆమె ఒక మాట అంటే వాడలో కుక్కలు కూడా కూర్చునేవి.

ఏటా చలికాలంలో ఆ గుడికి బొమ్మలు వేసేవాళ్లు వచ్చేవారు. హనుమకొండ నుంచి, సుబేదారి నుంచి, రైలెక్కి డోర్నకల్ నుంచి కూడా. మడత కుర్చీలు వేసుకుని గుడినీ కోటగోడలనీ చూసి గీసేవారు. మేము అటు పోతే చాలు, పోండి, అడ్డం రాకండి అని తరిమేవారు. మా నేల మీద మేమే అడ్డం! తర్వాత ఆ బొమ్మలన్నీ గుడి మండపంలో ప్రదర్శనకు పెట్టేవారు. రాతి స్తంభాలకు మేకులు కొట్టకూడదు కాబట్టి స్తంభం నుంచి స్తంభానికి తాళ్లు కట్టి వాటికి వేలాడదీసేవారు. ఆ తాళ్లు మా ఇంటి నుంచే పోయేవి. గుడి పని కదా అని బాపమ్మ నూలు పేని మరీ ఇచ్చేది.

ఆ బొమ్మలు చూస్తే నాకు ఒకటే ఆశ్చర్యం. గుడి మా గుడే, మిగతాదేదీ మాది కాదు. గుడి ముందు పచ్చగడ్డి, గడ్డిలో జింకలు. ఒకాయనైతే గుడి వెనకాల మంచు కొండలు నిలబెట్టాడు. వరంగల్‌లో మంచు కొండలు! ఆయన్ని మే నెలలో ఒక్కసారి పిలిచి మా రేకుల ఇంట్లో కూర్చోబెట్టాల్సింది. మనుషులు మాత్రం ఏ బొమ్మలోనూ ఉండేవారు కాదు.

మా పక్కింటి అక్క కూడా బొమ్మలు వేసేది. దుప్పట్ల అంచులకు పువ్వులు, నెమళ్లు గీసి ఇవ్వడంతో మొదలుపెట్టి, డ్రాయింగు పరీక్ష పాసయ్యేదాకా వచ్చింది. హైదరాబాదు పోయి ఇంకా నేర్చుకోవాలని ఆమె పట్టుదల. వాళ్ల నాన్న ససేమిరా అన్నాడు, అని అని చివరికి ఒక మెట్టు దిగాడు. గుడిలో పెద్దవాళ్ల బొమ్మల పక్కన నీ బొమ్మ కడితే పంపుతా, కట్టకపోతే బుద్ధిగా మగ్గం ఎక్కు అన్నాడు. ఆ ఏడు అక్క వాళ్ల గడపలో కూర్చుని, కంటికి కనబడేదంతా ఒక పెద్ద అట్ట మీద వేసింది. వెనక గుడి, గుడి మీద పొద్దుటి ఎండ, ముందు ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి పడుగు. పడుగు మీద వంగి కుంచె పట్టిన మా బాపమ్మ. వెనకాల ఎర్ర గౌనులో గంజి గిన్నెతో నేను. నన్ను నేను బొమ్మలో చూసుకోవడం అదే మొదటిసారి. మా ఇంట్లో అప్పటికి నా ఫొటో ఒక్కటి కూడా లేదు.

ప్రదర్శన నడిపేది ఒక డ్రాయింగు సారు. అక్కకు కుంచె పట్టడం నేర్పింది ఆయనే. చెడ్డవాడని నేను అనను. ప్రదర్శనకు ముందు రోజు మధ్యాహ్నం వచ్చి, బొమ్మను చాలాసేపు చూసి, రంగులు మంచిగ కుదిరినయమ్మా అన్నాడు. అని, అరచేత్తో బొమ్మ కింది సగాన్ని మూసేశాడు.

"ఇది ల్యాండ్‌స్కేప్. గుడి, చెట్టు, ఆకాశం ఉంటే చాలు. ఈ పడుగేంది, ఈ ముసలామె ఏంది? ఇదంత తీసేసి గడ్డి వెయ్యి, లోపల కడత. లేకపోతే నేనేం చెయ్యలేను."

పోతూ పోతూ మా వాకిట్లో నిలబడి, రేపు పెద్ద ఆఫీసరు వస్తాడు, గుడి ముందు నీటుగా ఉండాలి, ఒక్క పూట పడుగులు చాపకండి అని చెప్పాడు. ఆ నోటితోనే, ఈసారి బొమ్మలు ఎక్కువ ఉన్నాయి, ఇంకో రెండు తాళ్లు కావాలని బాపమ్మను అడిగి పట్టుకుపోయాడు.

పొద్దు గూకే వేళ నేను పక్కింటికి పోయేసరికి అక్క గిన్నెలో ఆకుపచ్చ రంగు కలుపుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ గిన్నె చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. ఆ పచ్చరంగు కిందికి బాపమ్మ పోతుంది, పడుగు పోతుంది, నా ఎర్ర గౌను పోతుంది. నాకు ఏడుపు కాదు, ఒళ్లు మండింది. నన్నెందుకు తుడుస్తవని ఆమె చెయ్యి పట్టుకుని గుంజాను. నేను హైదరాబాదు పోవద్దా అని అక్క నన్నే అడిగింది.  నేను ఇంటికి ఉరికి బాపమ్మను పిలుచుకొచ్చాను.

బాపమ్మ బొమ్మ ముందు చతికిలబడి కూర్చుంది. వేలు తగలకుండా గాలిలోనే తన నడుమునూ తన చేతినీ తడిమి చూసుకుంది. గిది నేనే గదా అని మురిసిపోయింది. తర్వాత గిన్నె వైపు చూసి, గీ పచ్చరంగు దేనికే అని అడిగింది. గడ్డికి అవ్వా అని అక్క తల దించుకుని చెప్పింది. ఎక్కడ వేస్తావంటే, బొమ్మలో బాపమ్మ నిలబడిన చోటే చూపించింది.

బాపమ్మ ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మా అత్త గీడ్నే నడిసింది. నేను గీడ్నే నడుస్తున్న. గిన్నేండ్ల సంది మా కాళ్లు తొక్కిన జాగల గడ్డెట్ల మొలుస్తదే బిడ్డా? బొమ్మలు కట్టెతందుకు తాడు మా ఇంట్లకెల్లి పోవాలె, మేము మాత్రం బొమ్మల ఉండొద్దా?"

 బాపమ్మ లేచి ఆ రంగు గిన్నె మీద మూత పెట్టింది. ఫికర్ చెయ్యకు, పొద్దుగాల్ల బొమ్మ పట్టుకొని నా దగ్గరికి రా అని చెప్పి, చీర కొంగు దులుపుకుని ఇంటికి వచ్చేసింది.

మర్నాడు తెలతెలవారుతుండగానే మా ఇంట్లో గంజి ఉడికింది. మా నాన్నకు భయం. పెద్ద ఆఫీసరు వస్తాండు, పెద్దోళ్లతోని మనకెందుకే అమ్మా అని బతిమాలాడు. నేనేమన్న లొల్లి పెడుతున్ననా, నా పని నేను చేసుకుంటున్న అంది బాపమ్మ. రోజూ గుడి ముందు దారి వదిలి చాపే పడుగును ఆ రోజు దారికి అడ్డంగా చాపింది. ఒక కొస కోట రాళ్లకు ఆనేలా కట్టించింది. ఇంక గుడిలోకి పోవాలంటే రెండో కొస చుట్టు తిరిగి పోవాలి, వేరే దారి లేదు. ఆ కొసన వెదురు కర్రకు అక్క బొమ్మను కట్టించింది. కట్టించి, పడుగుకు గంజి పట్టించింది. ఇక దేవుడు దిగొచ్చినా ఆ పడుగు లేవదు.

సారు ఇస్త్రీ బట్టల్లో వచ్చి నెత్తి పట్టుకున్నాడు. ఎత్తు అవ్వా, ఎత్తు అని కేకలేశాడు. గంజి పడ్డది సారూ, ఎట్ల ఎత్తుత అంది బాపమ్మ, దువ్వడం ఆపకుండానే. ఆయన కోపంగా పడుగు దాటబోయాడు. కాలు ఎత్తాడు కూడా. ఆయనా ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడే కదా, ఎత్తిన కాలును మళ్లీ నేల మీద పెట్టి, గొణుక్కుంటూ చుట్టు తిరిగి పోయాడు.

కాసేపటికి జీపు వచ్చింది. పెద్ద ఆఫీసరు, వెనక దండలు పట్టుకున్న వాళ్లు. మా అమ్మ కొంగు సర్దుకుంది.  బాపమ్మ తల ఎత్తలేదు. ఆ గుంపంతా మా పడుగు వెంబడే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి బొమ్మ దగ్గర ఆగింది. ఆఫీసరు బొమ్మను చూశాడు, బాపమ్మను చూశాడు, నా ఎర్ర గౌను చూశాడు. ఆయన మెచ్చుకుని శాలువా కప్పాడని చెబితే కథ బాగుంటుంది. కానీ ఆయనేమీ అనలేదు. చూసి, చుట్టు తిరిగి లోపలికి పోయాడు.

చూసి పోకుండా నిలబడ్డది మా వాడ ఆడవాళ్లు. ఒక్కొక్కరే వచ్చి బొమ్మ చుట్టూ మూగారు. ఇది మా ఇల్లు, ఇది మా మేక అని గుర్తుపట్టారు. ఎదురింటి పెద్దమ్మకు మాత్రం కోపం వచ్చింది. నేను దినాం నీళ్లు మోస్త గదా, నన్నెందుకు ఎయ్యలే అని అక్కను నిలదీసింది. అక్క ఒక్క క్షణం ఆమె ముఖం చూసింది. ఉరికిపోయి రంగుల పెట్టె తెచ్చుకుంది. అక్కడే, అందరి ముందే, బిందెతో ఎదురింటి పెద్దమ్మను వేసింది. తర్వాత ఇంకొకరిని, ఆ తర్వాత చంకలో పిల్లతో మరొకామెను. తుడవాల్సిన బొమ్మ నిండిపోతూ వచ్చింది. లోపల దండలు వేయించుకుంటున్న బొమ్మల వాళ్లు కొందరు బయటికి వచ్చి నిలబడి చూశారు. నేను బొమ్మలో నా గౌనుకు జేబు పెట్టించుకున్నాను.

పడుగు ఆరింది. చుట్టి ఇంట్లో పెట్టించాక బాపమ్మ చేతులు కడుక్కుని, పా బిడ్డా అంది. బొమ్మను అక్క పట్టుకుంది, ముందు బాపమ్మ నడిచింది, వెనక మా వాడంతా. మండపం మెట్ల దగ్గర సారు ఎదురొచ్చి, జాగ లేదవ్వా, తాళ్లన్నీ నిండినయి అన్నాడు.

బాపమ్మ లోపలికి పోయి ఒక తాడును వేళ్లతో పట్టి చూసింది.

"నేను పేనిన తాడే సారూ. నా తాడు మీద నాకు జాగ లేదా?"

 అప్పుడు అక్క బొమ్మతో ముందుకు వచ్చింది. "కండ్లతోని చూసి ఏయమని నేర్పింది మీరే సారూ. నేను చూసిందే ఏసిన. ఇందుల ఒక్కరిని కూడ తియ్య." ఆమె కళ్లు దించలేదు. సారు ఆమె వైపు చూశాడు, వెనక నిలబడిన మా అందరి వైపు చూశాడు. తర్వాత తాడు దగ్గరికి పోయి బొమ్మలను జరిపాడు. వరంగల్ మంచు కొండలు జానెడు పక్కకు జరిగాయి. ఆ సందులో మేమంతా ఎక్కాము.

వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడిన అక్క నాన్న అదంతా చూశాడు. మాట తప్పలేదు. అక్క ఆ ఏడే హైదరాబాదు పోయింది, డ్రాయింగు టీచరై తిరిగొచ్చింది. బొమ్మలో మనిషిని తుడిచేయమని ఏ పిల్లకూ ఆమె ఎన్నడూ చెప్పలేదట.

ఇప్పుడు మా వాడలో పడుగులు చాపేవాళ్లు లేరు. బాపమ్మ పోయింది, మరమగ్గాలొచ్చాయి. గుడి ముందు నిజంగానే పచ్చగడ్డి వేశారు. కంచె కట్టి, గడ్డిపై నడవరాదని బోర్డు పెట్టారు. సారు అడిగిన గడ్డి చివరికి వచ్చిందన్నమాట. నేను ఎప్పుడు పోయినా చెప్పులు విడిచి ఆ గడ్డి మీదే నడుస్తాను, గంజి గిన్నెతో నేను నిలబడిన చోటుకు పోయి నిలబడతాను. కాపలా అతను విజిల్ వేస్తాడు. వేయనీ. మొన్న ఫోను పట్టుకున్న పిల్లగాడొకడు, అమ్మమ్మా జర పక్కకు జరుగు, ఒక్క గుడే రావాలె అన్నాడు. నేను జరగలేదు.

"నేనుంటే గుడేమన్న మాయమైతదా? తియ్యి బిడ్డా."