గోడ మీది తోడేలు

ముదిగుబ్బకు దగ్గరలోని మా ఊరి బడిలో నేను డ్రాయింగు మాస్టరును. పోయిన ఎండాకాలం ప్రహరీ గోడకు సున్నం కొట్టించి, దాని మీద అడవి జంతువుల బొమ్మలు గీయమని హెడ్మాస్టరు అడిగారు. మన గుట్టల్లో తిరిగేవే గీస్తానన్నాను. నెమలి, జింక, ఎలుగుబంటి తొందరగానే అయిపోయాయి. గేటు పక్కన తోడేలును మాత్రం ఇష్టపడి, నింపాదిగా గీశాను. బండ మీద నిలబడి తల వెనక్కి తిప్పి చూస్తుంటుంది. కళ్లకు తేనెరంగు కుదరడానికే ఒక పూట పట్టింది. పిల్లలు మిగతా బొమ్మలు వదిలేసి దాని పక్కనే ఫొటోలు దిగారు.

మా అక్కదీ అదే ఊరు. బావ పోయినప్పటి నుంచి గొర్రెల మందను తనే చూసుకుంటోంది. అంతకుముందు చలికాలంలో ఒక తెల్లవారుజామున తోడేళ్లు దొడ్డిలోకి దూకి గొర్రెపిల్లలను ఎత్తుకుపోయాయి. అక్క ఒక్కతే కట్టె పట్టుకుని వాటిని అదిలించింది. ఆ రోజు మధ్యాహ్నం నేను వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చాను. బొమ్మ గీసిన రోజుల్లో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కాదు.

బొమ్మ పూర్తయిన రోజు అక్క నాకు సంగటి తెచ్చింది. గేటు దగ్గర నిలబడి చాలాసేపు గోడ వైపే చూసింది.

"బాగా గీసినావురా" అని, క్యారియరు నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

మరుసటి రోజు నుంచి ఆమె మంద బడి ముందుకు రాలేదు. ఊరి వెనక వాగు గట్టున, ఎండలో చుట్టు తిరిగి తోలుకుపోతోందని తెలిసి అక్క ఇంటికి వెళ్లాను.

"ఏమక్కా, వంక దావన పోతాండావంట?"

"గొర్రెలు బెదురుతాండాయిరా."

"గొర్రెలకు బొమ్మేం తెలుస్తాదక్కా?"

ఆమె తొట్టిలో నీళ్లు పోయడం ముగించి బిందె పక్కన పెట్టింది.

"గొర్రెలకు కాదులే" అంది.

చెరిపేస్తానన్నాను.

"వద్దు. పిల్లోళ్లకు ఇష్టమంట గదా. ఉండనీ. కొన్నాళ్లకు నాకే అలవాటైతాది."

నేను వినలేదు. ఆదివారం ఎవరూ లేనప్పుడు వెళ్లి తోడేలు మీద తెల్లరంగు పూసేశాను. సోమవారం పొద్దున్నే పిల్లలు చుట్టుముట్టారు. ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. గోడ పాడైందనో, రంగు సరిగా పట్టలేదనో చెప్పినా సరిపోయేది. కానీ "మా అక్కకు అది చూస్తే భయంగా ఉండాదంటమ్మా" అన్నాను. నిజమే చెప్పాననుకున్నాను.

ఖాళీ చోట ఏం గీయాలో వాళ్లనే అడిగాను. సెల్‌ఫోనులో వెతికి మూస్ అనే జంతువును చూపించారు. ఎక్కడో మంచుదేశాల్లో ఉంటుందట. "ఎనుముకు జింక కొమ్ములు పెట్టినట్టుండాది సార్" అని ఒకడు నవ్వాడు. గేదెంత ఒళ్లు పెట్టి అదే గీశాను. అరచేతులు చాచినట్టున్న ఆ కొమ్ములు గీస్తున్నంతసేపూ నేను చేసింది మంచి పనే అనిపించింది.

వారం తిరక్కముందే అక్క బడికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. నీళ్ల కొళాయి దగ్గర పిల్లలు ఆమెను అడిగారట, బొమ్మకే భయపడితివంట గదా పెద్దమ్మా, అని. ఆడవాళ్లు కూడా నవ్వారట.

"నేను చెప్పింది నీకురా" అంది మెల్లగా. "ఊరందరికీ చెప్పమంటినా?"

నేను నోరు తెరిచేలోపే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇప్పుడు అక్క మందను బడి ముందు నుంచే తోలుకుపోతోంది. మూస్ బొమ్మ వైపు చూడదు, గేటు వైపూ చూడదు. గొర్రెల గంటలు వినపడితే నేను బోర్డు వైపు తిరిగి, అవి దూరమయ్యేదాకా ఏదో ఒకటి రాస్తూ ఉంటాను.