బొలోన్యా గోడకు చెప్పిన మొక్కు

రాసుకో. ముందు మొక్కు సంగతి రాసుకో, ఊరి సంగతి తర్వాత. మొక్కు తెలియకపోతే ఆ ఊళ్లో నేను ఎందుకంత నడిచానో ఎవరికీ అర్థం కాదు.

మీ అమ్మకు అయిదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. మందులు పట్టలేదు. సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. పదకొండో రోజు మధ్యాహ్నం పిల్ల నా మొహం చూసి "నువ్వెవరు?" అంది. నేను వరండాలోకి వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని ఏడుకొండలవాడికి మొక్కాను. పిల్ల బతికితే అలిపిరి నుంచి మెట్లెక్కి, నా కాళ్లతో నేను నడిచి నీ కొండకు వస్తానన్నాను. సాయంత్రానికి చెమటలు పట్టి జ్వరం దిగింది. "అమ్మా, ఆకలైతుంది" అంది పిల్ల.

ఆ తర్వాత తిరుపతికి ఆరుసార్లు వెళ్లాం. ఆరుసార్లూ బస్సులోనే కొండెక్కాను. ఒకసారి మా అత్తమ్మ తోడుంది, ఒకసారి మీ మేనమామ చంకలో ఉన్నాడు, ఒకసారి వాన. మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎక్కాల్సి వస్తుంది కదా! ఈలోగా మోకాళ్లు అరిగిపోయాయి. రెండూ మార్చాలని డాక్టరు తారీఖు కూడా ఇచ్చాడు. మార్చాక మెట్లెక్కొచ్చా అని అడిగితే, ఇంట్లో మెట్లు ఎక్కొచ్చు, వేల మెట్ల మాట మాత్రం మరిచిపోమన్నాడు. ఇప్పుడు ఎక్కలేను, తర్వాత ఎక్కకూడదు. అంటే మొక్కు ఇక తీరదన్నమాట. ముప్పై నాలుగేళ్లుగా మీ అమ్మ తుమ్మినా నాకు గుండె దడే. ఆయన ఇచ్చిన పిల్లను ఆయన వెనక్కి అడుగుతున్నాడేమోనని.

సరిగ్గా అప్పుడే మీ అమ్మ కంపెనీ వాళ్లు మందుల అట్టలు ప్యాక్ చేసే కొత్త మెషిన్ కొన్నారు. దాని పని నేర్చుకోవడానికి ఆమెను రెండు వారాలు ఇటలీకి పంపించారు, ఆ మెషిన్లు తయారయ్యే బొలోన్యా ఊరికి.

"ఆపరేషన్ అయితే ఇంట్లనే కూసుంటవ్. నాతోని రా అమ్మా" అంది.

"గీ కాళ్లతోని గంత దూరమా?"

"నువ్వు నడిచేదేం లేదు. రూముల కూసుని కిటికీలకెల్లి చూస్తుండు."

కిటికీలోంచి చూడటం ఒక్క పూటే కుదిరింది. కింద వీధికి రెండు పక్కలా ఇళ్ల ముందు స్తంభాలు, స్తంభాల మీద కమానులు, ఆ కమానుల మీద మళ్లీ ఇళ్లు. ఒక ఇంటి కమాను అయిపోగానే పక్కింటిది మొదలు. మధ్యలో సందు లేదు. ఇళ్లన్నీ ఇటుక రంగు, కుంకుమ రంగు, పండిన నారింజ రంగు. ఎవరో ఊరంతటికీ ఒకే వరండా కట్టినట్టుంది. రెండో రోజు పొద్దున మీ అమ్మ పనికి పోతూ, "పోదామనిపిస్తే కప్పు కిందనే నడువు. కప్పు దాటి రోడ్డు మీదికి పోకు, తప్పిపోతవ్" అని చెప్పింది. ఆ రోజు ఆకాశం చూడకుండా రెండు గంటలు నడిచాను. నడిచాక గానీ గుర్తుకు రాలేదు, నాకు మోకాళ్ల నొప్పులున్నాయని.

మూల మీద పండ్ల దుకాణం నడిపే పంజాబీ ఆవిడ ఉంది. ఆమెతో నా హైదరాబాదీ హిందీ చెల్లింది. ఈ వరండాలు ఎవరివి అని అడిగితే, "జమీన్ మాలిక్‌కీ, రాస్తా సబ్‌కా" అంది. నేల ఇంటాయనది, నడక అందరిదీ. ఎప్పటిదో పాత చట్టమట. ఇల్లు కట్టుకునేవాడు కింద నలుగురూ నడవడానికి జాగా వదలాలట, పైన ఎంత కావాలంటే అంత కట్టుకోవచ్చట. నేను ఆ స్తంభం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మన రాంగోపాల్‌పేటలో ఒక్కో దుకాణం ఏడాదికో మెట్టు ముందుకు జరుగుతుంది. నడిచేవాళ్లు రోడ్డు మీద బండ్ల మధ్యలోకి జరుగుతారు. ఇక్కడేమో ఎవరెవరో వందల ఏళ్ల కింద తమ ఇంటి ముందు నేలను, పేరైనా తెలియని నా కాళ్ల కోసం వదిలిపెట్టారు. ఎవరి నేల వాళ్లు పరిపించుకున్నారు కాబట్టి ఒకచోట ఎర్ర రాయి, ఒకచోట చలువరాయి ముక్కలు పొదిగిన గచ్చు, ఇంకోచోట చదరంగం గళ్లు. ఇల్లిల్లుకూ నా చెప్పుల చప్పుడు మారేది. ఒకచోట రాతి స్తంభాలు కాదు, చెక్క దూలాలు. మూడంతస్తుల ఎత్తు. ఇన్ని వందల ఏళ్ల నుంచి ఇంటిని అట్లా భుజాన మోస్తూ నిలబడ్డాయి. తల ఎత్తి చూసి చూసి మెడ పట్టేసింది. చెక్క మోస్తుంటే మోకాలికేమైంది అనుకున్నాను.

ఊరి నడిమధ్యలో పెద్ద చర్చి ఒకటుంది. ముందు గోడ సగం వరకు పాలరాయి, ఆపైన వట్టి ఇటుక. కట్టడం సగంలో ఆగిపోయిందట. వందల ఏళ్లుగా అట్లాగే ఉంది. లోపల ఇంకో వింత. పైకప్పుకు ఒక చిల్లు పెట్టారు, నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఇత్తడి గీత పరిచారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ చిల్లులోంచి ఎండ వచ్చి, చిన్న పళ్లెమంత వెలుగై, నేల మీద పాకుతూ వచ్చి ఆ గీత దాటింది. మనం కూర్చున్న భూమి కదులుతుందని బళ్లో చెప్పారు గానీ, కళ్లతో ఎప్పుడు చూశాం? పది మందిమి చుట్టూ వంగి చూస్తున్నాం. నేను చెయ్యి చాపి ఆ వెలుగును అరచేతిలోకి తీసుకున్నాను. నవ్వకు, నిజంగానే కళ్లకద్దుకున్నాను.

ఇట్లా రోజూ నడిచాను. శనివారం సాయంత్రం మీ అమ్మ తొందరగా వచ్చి, "నీకొక తమాషా చూపిస్త, మన గోల్కొండల చప్పట్ల లెక్క" అని తీసుకుపోయింది. పెద్ద చౌకులో పాత భవనం కింద నాలుగు దారులు కలిసే చోటు. పైన గుండ్రటి కప్పు. ఒక మూలన గోడకేసి తిరిగి మెల్లగా మాట్లాడితే, ఎదురు మూలన గోడకేసి నిలబడ్డవాళ్లకు వినిపిస్తుందట. మీ అమ్మ ఆ మూలకు పోయింది, నేను ఈ మూలలో నిలబడ్డాను. మధ్యలో జనం, సైకిళ్లు, ఐస్‌క్రీం తింటున్న పిల్లలు, ఒకటే గోల. ఉన్నట్టుండి రాతిలోంచి, సరిగ్గా నా చెవి పక్కన, "అమ్మా, ఇనిపిస్తున్నదా?" అంది.

నేను ఉలిక్కిపడి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. "ఇనిపిస్తున్నదే!" అని అరిచాను.

"అరువకు. మెల్లగ మాట్లాడు. ఏదన్న చెప్పు."

గోడకు మొహం ఉండదు కదా. కళ్లెర్రజేయదు, కంటతడి పెట్టదు. ఏదన్నా చెప్పమంటే ముప్పై నాలుగేళ్ల మాట నోట్లోకి వచ్చేసింది. "బిడ్డా, నీకు చిన్నప్పుడు జెరమొచ్చి నన్ను గుర్తుపట్టలే. నువ్వు బతికితే తిరుపతి కొండ నడిచి ఎక్కుతనని మొక్కిన. ఎక్కలే. ఇగ ఎక్కలేను."

గోడ పలకలేదు. వినిపించలేదేమో, బతికిపోయాను అనుకున్నాను. తర్వాత వచ్చింది మాట.

"గందుకేనా, నేను దగ్గితే సుత పరేషాన్ అయితవ్?"

"ఊఁ."

"నా పెండ్లినాడు జెర ఒళ్లు వెచ్చగున్నదని మంటపంలకెల్లి దవాఖానకు తోలుకపోయినవ్. గందుకేనా?"

"ఊఁ."

"మా అత్తగారోళ్ల ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గదమ్మా!"

ఆ మాట తర్వాత ముక్కు చీదిన చప్పుడు కూడా అంతే స్పష్టంగా నా చెవిలో వినిపించింది. అది నవ్వో ఏడుపో గోడ చెప్పలేదు. నా వెనకాల ఇద్దరు ఆ మూల కోసం ఎదురుచూస్తున్నారు. జరిగి వాళ్లకు జాగా ఇచ్చాను.

మీ అమ్మ నా దగ్గరికొచ్చి, కళ్లు తుడుచుకుని, "గీడ సుత ఒక కొండ ఉన్నది. పైన మేరీమాత గుడి. రేపు పోదాం. కొండ కొండే గదా, గీడనే మొక్కు తీర్చెయ్" అంది.

"మొక్కింది ఆయనకు. ఈమె కొండ ఎక్కితే ఆయన ఊకుంటడా?"

"సరే, మొక్కు సంగతి పక్కకు పెట్టు. నీ కాళ్లు ఏమంటయో చూద్దాం."

ఆదివారం పొద్దున బయలుదేరాం. ఆ కొండ దారి చూడాలి నువ్వు. ఊరి కోటగుమ్మం దగ్గర మొదలై, కొండ మీది గుడి గుమ్మం దాకా వరండాయే. ఒక్కచోట కూడా కప్పు తెగలేదు. ఆరువందల అరవై ఆరు కమానులు! ఆ అమ్మవారిని ఏడాదికొకసారి కొండ దించి ఊళ్లోకి ఊరేగింపుగా తెస్తారట. వెనకటికి ఒకసారి వానలు ఆగక పంటలు పోతుంటే ఆమెను దించారని, రాగానే వాన నిలిచిందని చెప్పుకుంటారు. ఆమె తడవకూడదని, ఆమె వెంట నడిచేవాళ్లు తడవకూడదని, ఊరివాళ్లు తలా కొన్ని కమానులు కట్టించారు. మన గుడి మెట్ల మీద చెక్కినట్టే గోడల మీద వాళ్ల పేర్లున్నాయి. మన దగ్గర ఆషాఢంలో అమ్మవారి ఘటం వానలో తడుస్తూ వస్తే మనకు సంబరం. వీళ్లకేమో తడవనివ్వకపోవడం భక్తి. రెండూ ఒకటే అనిపించింది నాకు.

సగం దారి చదును. అక్కడి నుంచి ఏటవాలు, మెట్లు. మీ అమ్మ తన ఫ్యాక్టరీ లెక్క తీసింది. "అట్టకు పది మాత్రలు. పది కమాన్లు ఎక్కుదాం, ఒక అట్ట అయినట్టు. అట్ట అయితే కూసుందాం." పక్కనే గోడ వెంబడి కూర్చోవడానికి అరుగుంది. ఒక అట్ట, కూర్చున్నాం. రెండో అట్ట, కూర్చున్నాం. కర్ర పట్టుకున్న ఒక ముసలాయన మమ్మల్ని దాటిపోతూ ఏదో అన్నాడు. నేను "మంచిది నాయనా" అన్నాను. ఒక మలుపు దగ్గర కుడి మోకాలు పట్టేసింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను.

"చాలమ్మా. టాక్సీ పిలుస్త."

"ఇంకెన్ని అట్టలున్నయ్?"

"ఇరవై."

"జెర ఆగు. పిలువకు."

మీ అమ్మ నేల మీద కూర్చుని నా మోకాలిని రెండు చేతులతో పట్టుకుని రుద్దింది, చిన్నప్పుడు దాని కాళ్లకు నేను నూనె రాసినట్టు. ఎంతసేపో తెలియదు. మోకాలు వదిలింది. లేచాను. ఆ ఇరవై అట్టలూ ఎక్కాను బిడ్డా. మూడు గంటల పైనే పట్టింది. చివరి కమాను దాటి బయటికొచ్చేసరికి ఒక్కసారిగా ఆకాశం, ఎదురుగా ఎర్రటి గుడి, గుండ్రటి గోపురం.

లోపల అమ్మవారి వెనక నుంచి మెట్లున్నాయి. ఒక పక్క ఎక్కి, ఆమె ముందు నిలబడి, ఇంకో పక్క దిగాలి. అమ్మవారి పటానికి అచ్చం మన వెండి కవచమే. మొహాలు మాత్రం కనిపిస్తాయి. నల్లటి మొహం, చంకలో పిల్లవాడు. తిరుమలలో అయితే రెప్ప వేసేలోగా "జరగండమ్మా, జరగండి" అని తోసేస్తారు. ఇక్కడ ఎవరూ జరగమనలేదు. జరగమనేవాళ్లు లేకపోతే దేవుడి ముందు ఎంతసేపు నిలబడాలో నాకు తెలియలేదు. అడగాల్సినవి అడగడమైతే అలవాటే. ఊరికే చూడటం అలవాటు లేదు. చూశాను. ఆమె కూడా చూసింది. పిల్లవాణ్ని చంకలో పెట్టుకుని, ఎవరు ఎత్తుకుపోతారో అన్నట్టు లేదు ఆ చూపు. పిల్లవాడున్నాడు, అంతే, చంకలో ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లలో నేను మీ అమ్మను అట్లా ఒక్కసారైనా ఎత్తుకున్నానా అనుకున్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం.

"ఏం మొక్కినవ్ అమ్మా?"

"ఏం మొక్కలే. మొక్కితే మళ్ల గీ కొండ ఎక్కాలె."

మీ అమ్మ పగలబడి నవ్వింది. నవ్వడం అయిపోయాక నేనే అన్నాను, "డాక్టర్‌కు ఫోన్ చెయ్. ఆపరేషన్ ఒక నెల ఎనకకు జరుపుమను."

మీ అమ్మ వేళ్ల మీద అలిపిరి మెట్ల లెక్క వేసింది. "మూడున్నర వేల మెట్లు. మూడొందల యాభై అట్టలమ్మా!" అంది.

"అట్టకోసారి కూసుంటా. పొద్దుగాల షురూ చేస్తే పొద్దూకేవరకన్న చేరమా?"

"నడుమల కాళ్లు పట్టేస్తే?"

"నువ్వుంటవ్ గదా."

అక్కడే, ఆ గుడి మెట్ల మీదే కూర్చుని ఫోన్‌లో సికింద్రాబాద్ నుంచి తిరుపతి రైలు చూసింది. "కింది బెర్తులు లేవు" అంది.

"పై బెర్తే చెయ్ తియ్. ఎక్కుడు అలవాటైంది."

నెల తిరగకుండానే అలిపిరి మెట్లెక్కాను. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు పైకి చేరాను, మీ అమ్మ చెయ్యి వదలకుండా. ఆ రోజు మీ అమ్మకు జలుబు. దారి పొడుగునా తుమ్ముతూనే ఉంది. నేను ఒక్కసారి కూడా దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు.