అల్లుడి ప్లేటులో నల్లి బొక్క

తాండూరులో ఏసుదాసుని ఎరగని హోటలు లేదు. కొన్నిచోట్ల ఆయన్ని చూడగానే అడక్కుండానే చాయ్ తెచ్చి పెట్టేవారు. ఇంకొన్నిచోట్ల గాజు గ్లాసులు లోపలికి సర్దేసేవారు. రెండూ తనకిచ్చే మర్యాదే అనుకునేవాడు ఆయన.

పుట్టింది బంట్వారంలో. తండ్రి బాలప్ప కందిచేలల్లో కూలి. కోపమొస్తే చేతికేది అందితే అది విసిరేవాడు బాలప్ప. చెంబు, చెప్పు, కట్టెపేడు, ఒకసారి బతికున్న కోడిపుంజు. ఆ కోడి గోడకి తగిలి చచ్చింది. సాయంత్రం దాన్నే కూర చేసుకుని తిన్నారు. ఏసుదాసుకి చిన్నతనం గురించి బాగా గుర్తున్నది ఆ కూర రుచే.

మీసాలొచ్చే వయసుకి తాండూరు వచ్చి బండల పాలిష్ ఫ్యాక్టరీలో హమాలీగా చేరాడు. పాలిష్ పట్టిన బండలను లారీలకెక్కించడం పని. ఆ పనిలో మనిషి నడుమైనా విరగాలి, లేదంటే ఇనుమైనా కావాలి. ఏసుదాసు ఇనుమయ్యాడు. ఆయన అరచెయ్యి రొట్టెల పెనమంత ఉంటుంది. అది చెంప మీద పడిందంటే పడినవాడు లేచి తిరిగి తిట్టిన దాఖలా లేదు. "కోపం ముక్కు మీద ఉంటుంది గానీ మనసు వెన్న" అని ఫ్యాక్టరీలో అందరూ చెప్పేవారు. మనసు వెన్నయితే ఆ మాట అన్నిసార్లు చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందో వాళ్లకే తెలియాలి.

తాగుడు అప్పుడప్పుడే. పేకాట లేదు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా తిండి. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన అయిపోగానే భార్య రెబెక్కనీ, కూతురు సింధుజనీ తీసుకుని ఎక్కడో ఒకచోటికి తినడానికి బయల్దేరేవాడు. ఎప్పుడూ తినని చోటే తినాలి. ఒకసారి తిన్నచోటికి మళ్లీ వెళ్లకూడదు. అది ఆయన పెట్టుకున్న పద్ధతి. నిజానికి చాలాచోట్ల మళ్లీ అడుగుపెట్టే వీలు కూడా ఉండేది కాదు.

సింధుజ ఇంకా రెండు జడలు వేసుకునే రోజుల్లో స్టేషన్ దగ్గరికి కర్ణాటకలోని సేడం నుంచి ఒకాయన బండి తెచ్చుకుని పెట్టాడు. మరమరాలతో ఉప్మాలా చేసే సుసలా, పక్కన పొడవాటి మిర్చి బజ్జీ. తాండూరంతా అక్కడే నిలబడేది. ఆ గుంపులో ఎవడో తెల్లచొక్కావాడు ముందుకు తోసుకొస్తూ సింధుజని మోచేత్తో నెట్టాడు. పిల్ల కింద పడింది. ఏసుదాసు వాడి మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి మరుగుతున్న నూనె మూకుడు అంచుకి ఆనించాడు. చర్మం చుయ్యిమంది. బండాయన "బిడ్రీ, బిడ్రీ" అని కన్నడంలో మొత్తుకుంటున్నాడు. వాడూ వదలమనే ఏడుస్తున్నాడు. ఏసుదాసు తనకి చాలనిపించేదాకా వదల్లేదు.

ఆ రోజు సింధుజ మిర్చి పొట్లం ఒళ్లో పెట్టుకుని, తండ్రి భుజాల మీద కూర్చుని ఇంటికొచ్చింది. వాడకట్టంతా వినేలా చెప్పింది. "మా నాయిన నా కోసం కొట్టిండు!"

ఆ మాట విన్నప్పుడు ఏసుదాసుకి కలిగిన సంతోషం, మెడలో దండ వేసినా కలిగేది కాదు.

యాలాల్ రోడ్డులో కల్లు కాంపౌండ్ దగ్గర మేక కారిజం వేపుడు బాగుంటుందని ఎవరో చెప్తే అక్కడికీ వెళ్లారు. పక్కన కూర్చున్నవాడు రెబెక్క వైపు చూసి నవ్వాడని ఏసుదాసు కల్లు కుండ ఎత్తి వాడి నెత్తిన పగలగొట్టాడు. కల్లూ నెత్తురూ కలిసి వాడి మెడ మీదుగా కారాయి. రెండో దెబ్బకి చెయ్యి లేవగానే రెబెక్క అడ్డమొచ్చింది. ఆ దెబ్బ ఆమె చెవి కింద పడింది. "నీకు తగలాల్సింది కాదే" అని ఇంటికెళ్లాక ఆయన చాలాసేపు బాధపడ్డాడు. ఇంట్లో ఆమెకి తగిలేవన్నీ తగలాల్సినవే అన్నట్టు. తర్వాతి ఆదివారం చర్చిలో ఆడవాళ్లు అడిగితే, జారి పడ్డానంది రెబెక్క. ఎవరూ నమ్మలేదు, ఎవరూ మళ్లీ అడగలేదు.

ఆఖరిది తాండూరులో కొత్తగా పెట్టిన మండీ హోటలు. పరుపుల మీద కూర్చుని ఒకే పెద్ద పళ్లెంలో అందరూ కలిసి తినాలి. అది ఏసుదాసుకి మహా నచ్చింది. అప్పటికి సింధుజ చదువు ముగించి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. వాళ్లు తింటుండగా ఆమెతో పనిచేసే కుర్రాడొకడు కనబడి, "ఏం సింధుజా, గిక్కడున్నవ్?" అంటూ భుజం తట్టాడు. అంతే. ఏసుదాసు వాడి జుట్టు దొరకబుచ్చుకుని మొహాన్ని పళ్లెంలోకి కుక్కాడు. వాడు ఊపిరాడక తన్నుకుంటూ పైకి లేచేసరికి అన్నం ఎర్రగా ఉంది. అందులో వాడి పన్ను ఉంది.

సింధుజ ఆ కుర్రాణ్ని ఇష్టపడిందన్న సంగతి తల్లికి తెలుసు, తండ్రికి తెలియదు. ఆ తర్వాత వాడు ఆమె మొహం చూడలేదు. పోలీసుల దగ్గరికి వెళ్లలేదు, ఇంటికొచ్చి గొడవ పెట్టలేదు, ఏకంగా ఊరే మారిపోయాడు. సింధుజ తండ్రితో మాట్లాడటం మానేసి వికారాబాదులో వేరే ల్యాబులో చేరి హాస్టల్లో ఉండసాగింది. తల్లితో ఫోన్లో మాత్రం ఒక మాట అంది. "వాడు ఉత్త పిరికోడమ్మా. ఒక్క దెబ్బకే ఉరికిండు."

రెబెక్కకి ఆ మాట గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తనకే సరిగా తెలియక ఊరుకుంది.

చాలా నెలల తర్వాత సింధుజ తండ్రికి ఫోన్ చేసింది. ఏసుదాసు ఫ్యాక్టరీలో ఎత్తుతున్న బండని అలాగే దించేసి ఫోన్ తీశాడు.

"నాయినా, ప్రవీణ్ అని ఒకాయన. బైకుల షోరూంల చేస్తడు. మనోళ్లే. పెండ్లి చేసుకుందామనుకుంటున్నం. వచ్చే ఆదివారం అనంతగిరి రోడ్డుకు కొత్త హోటల్ల కలుద్దాం. నువ్వు, అమ్మ రాండ్రి."

"వస్తం బిడ్డా, వస్తం!"

"జర పూర్తిగ ఇను. ఆయన మీద గాని, ఇంకెవల మీద గాని నీ చెయ్యి లేసిందనుకో, నా పెండ్లికి నువ్వు రానే రావద్దు. చర్చిల నన్ను నడిపిచ్చేది నువ్వు కాదు."

తెల్లచీర, మేలిముసుగుతో ఉన్న కూతురి చెయ్యి పట్టుకుని, చర్చి తలుపు దగ్గర్నుంచి పీఠం దాకా నడిపించడం. ఆ పిల్ల పుట్టిన రోజు నుంచీ ఆయన కోరుకున్నది అదొక్కటే. ఆ వారమంతా ఫ్యాక్టరీలో ఎవరేమన్నా పడ్డాడు. సూపర్‌వైజర్ అమ్మనాబూతులు తిట్టినా బండలు మోస్తూనే ఉన్నాడు. తోటి హమాలీలు ఆయనకి జ్వరమొచ్చిందేమో అనుకున్నారు.

అనంతగిరి రోడ్డులో హోటలు ముచ్చటగా ఉంది. గడ్డికప్పు పాకలు, ఫొటోలు దిగడానికి ప్లాస్టిక్ పూలు చుట్టిన ఉయ్యాల, ఆరుబయట కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు. హైదరాబాద్ నుంచి కొండ చూడ్డానికొచ్చినవాళ్లతో పాకలన్నీ నిండిపోయి ఉన్నాయి. ప్రవీణ్ ముందే వచ్చి కూర్చున్నాడు. నున్నగా దువ్విన తల, మెల్లని మాట. ముందు రెబెక్క గ్లాసులో నీళ్లు పోశాడు. "అంకుల్, మీరు జెప్పున్రి, మీకేది ఇష్టమో గదే తెప్పిద్దాం" అన్నాడు. ఏసుదాసు మనసు కుదుటపడింది. ఈ పిల్లాణ్ని కొట్టాల్సిన అవసరమే రాదు అనుకున్నాడు. అయినా జాగ్రత్తకోసం రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

అక్కడే తప్పు చేశాడు. చేతులతో కాదు, నోటితో.

కాబోయే అల్లుడు మొదటిసారి అత్తామామలతో కలిసి తింటే, మటన్‌లో మూలుగ నిండిన ఎముక, అదే నల్లి బొక్క, అతని ప్లేటులోనే పడాలి. ఇంట్లో అయితే అత్త గిన్నెలో గరిటె తిప్పి వెతికి మరీ వేస్తుంది. పడకపోతే అల్లుణ్ని లెక్కచేయనట్టే. ఈ ఒక్క బొక్క కోసం పెళ్లిపందిళ్లలో కుర్చీలు విరిగిన ఊళ్లు ఆ చుట్టుపక్కల లేకపోలేదు. ఇంటి మర్యాద హోటల్లో కుదరదని ఏసుదాసుకి తట్టలేదు. సర్వర్‌ని పిలిచి పాకలన్నీ వినేలా చెప్పాడు. "మా అల్లుడు. ఫస్ట్ టైం తింటుండు మాతోని. నల్లి బొక్క ఎయ్యాలె. మర్సిపోకు!"

చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూసి నవ్వారు. ప్రవీణ్ కూడా సిగ్గుపడుతూ నవ్వాడు.

సర్వర్ వయసు మళ్లినవాడు. పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి కాళ్లీడుస్తున్నాడు. గిన్నె తెచ్చి పెట్టాడు. అన్నీ పక్కటెముకల ముక్కలే.

"నల్లి ఏది?" అన్నాడు ఏసుదాసు.

"ఖతమైనయి పెద్దమనిషీ. పొద్దుగాల్నే లేసినయి."

పక్క పాకలో ఎవడో నల్లి బొక్కని ప్లేటుకేసి టక్‌టక్‌మని కొడుతూ మూలుగ జుర్రుతున్నాడు. ఇందాక నవ్వినవాళ్లే మళ్లీ ఇటు చూస్తున్నారు. ఏసుదాసుకి తల తీసేసినట్టయింది. కణతలు అదిరాయి. తొడల కింద వేళ్లు పిడికిళ్లయ్యాయి. సింధుజ తండ్రి భుజాలవైపే చూస్తోంది, రెబెక్క కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఏసుదాసు జీవితంలో ఎన్నడూ అనని మాటొకటి అన్నాడు.

"పోనియ్యి. బొక్కనే గద."

ఆ మాట ముగిసేలోపే ప్రవీణ్ లేచాడు. మొహంలో ఇందాకటి నవ్వు అలాగే ఉంది.

"మా మామ నోరు దెరిచి అడిగిండు గదరా" అని సర్వర్ చెంప పగలగొట్టాడు. ముసలాయన బల్లకి కొట్టుకుని కిందపడ్డాడు. ప్రవీణ్ పొగలు కక్కుతున్న కూరగిన్నె ఎత్తి ఆయన మొహాన పోశాడు. అరుపుకి పాకలన్నీ లేచాయి. మొహం కప్పుకున్న మనిషిని ప్రవీణ్ డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. నీళ్ల స్టీలు జగ్గు అందుకున్నాడు.

వంటవాళ్లు గరిటెలూ ఇనుప చువ్వలూ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఏసుదాసు చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చాయి. ఒక్క దెబ్బ చాలు, ప్రవీణ్ పడిపోతాడు. కానీ ఆయన కొట్టలేదు. వెళ్లి సర్వర్ మీద వంగి అడ్డం పడుకున్నాడు. జగ్గు ఆయన కనుబొమ్మ మీద పడింది. చర్మం చీలి నెత్తురు కంట్లోకి దిగింది. ఎవరు ఎవరి తరఫో తెలియని వంటవాళ్లు గరిటెలతో ఆయన వీపు మీద బాదారు. తన చేతికింద పడ్డవాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఆయనకి మొదటిసారి తెలిసింది. భయంగా ఉంటుంది. నొప్పి కంటే భయమే ఎక్కువగా ఉంటుంది.

ఎవరో నలుగురు కలిసి ప్రవీణ్‌ని బయటికి ఈడ్చేశారు. సర్వర్ మొహం అప్పటికే పొక్కులెక్కింది. రెబెక్క చల్లనీళ్లు పోసి పోసి కడిగింది. హోటలువాళ్లు ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి పంపాక, రోడ్డు పక్కన మొగుణ్ని కూర్చోబెట్టి కొంగుతో నెత్తురు అద్దసాగింది.

సింధుజ పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూసినవా నాయినా? నిన్ను తక్కువ జేసిన్రని ఊకోలే. అచ్చం నీ లెక్కనే! నువ్వు గూడ మాట మీద నిలవడ్డవ్. చర్చిల నన్ను నడిపిచ్చేది నువ్వే."

వారమంతా ఆ మాట కోసమే ఆయన బతికాడు.

"నడిపియ్యను బిడ్డా" అన్నాడు. "నీ చెయ్యి వాని చేతిల పెట్టను. గీ పిలగాడు వద్దు నీకు."

"ఎందుకు వద్దు? నువ్వు కొట్టలేదా? మిర్చి బండి కాడ నా కోసం ఎట్ల కొట్టినవ్!"

"రేపు నిన్ను కొడితె?"

సింధుజ క్షణం కూడా ఆలోచించలేదు. "కొడితె ఏమైతది? అమ్మ పడలేదా?"

నెత్తురు అద్దుతున్న రెబెక్క చెయ్యి ఆగిపోయింది. ఏసుదాసు తల వంచుకున్నాడు. రెబెక్క కొంగు దించి మాట్లాడింది. గట్టిగా అనలేదు, ఏడవనూ లేదు.

"పడ్డ. ఎటు పోవాల్నో తెల్వక పడ్డ. పొద్దూకితె ఈయన చెప్పుల సప్పుడు ఇని వణుక్కుంట పడ్డ. నీకైతె నేనున్న. ఇంటికి నడువు."

సింధుజ తల్లిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ఏదో అడగబోయింది.

అంతలో రోడ్డవతల బండి స్టార్ట్ చేసిన ప్రవీణ్ అరిచాడు. "సింధూ! ఎంతసేపే? ఎక్కుతవా లేదా?"

సర్వర్‌తో మాట్లాడిన గొంతే అది. సింధుజ భుజాలు ఒక్కసారిగా చెవులదాకా ముడుచుకున్నాయి. ఆ సంగతి ఆమెకి తెలియలేదు. ఏసుదాసుకి తెలిసింది. తను గడపలో చెప్పులు విడిచిన ప్రతి సాయంత్రం, పొయ్యి దగ్గర రెబెక్క భుజాలు అలాగే ముడుచుకునేవి. ఇన్నేళ్లూ దాన్ని భయభక్తి అనుకున్నాడు.

"పోకు బిడ్డా" అన్నాడు. కొట్టడం ఒక్కటే నేర్చిన మనిషికి బతిమాలడం ఎలాగో తెలియలేదు. ఆ మాట కూడా అదిలించినట్టే వచ్చింది.

సింధుజ వెళ్లి బండెక్కింది.