తొందర అనే సాకు

ఎండుద్రాక్ష ఒక్కటి అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చోమంటే నాకు ఒళ్లు మండింది. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టిన క్లాసు అది. చేసే పని మీదే మనసు నిలపడం నేర్పుతామని అందరికీ మెయిల్ పంపారు. నేర్పే అమ్మాయి మెత్తటి గొంతుతో, దాని ముడతలు చూడండి, వాసన చూడండి, తొందర వద్దు అంటోంది. తొందర వద్దట, నా మొహం! తెల్లారగానే, ఈ పరాయి దేశంలో మేముండే పుంగ్గోల్‌లో కుక్కర్ దించి, ఇద్దరికి డబ్బాలు కట్టి, ఒక చెవిలో ఆఫీసు కాల్ పెట్టుకుని ట్రైన్‌కి పరుగెత్తే మనిషిని. ద్రాక్ష ముడతలు చూసే తీరిక నాకెక్కడిది?

అయినా వెళ్లాను. మనశ్శాంతి కోసం కాదు, భయపడి వెళ్లాను.

అంతకు కొద్ది రోజుల ముందు ఆఫీసు నుంచి వస్తూ పుంగ్గోల్ స్టేషన్‌లో ఎప్పటిలాగే ఎల్ఆర్‌టీ ఎక్కాను. డ్రైవరు లేని ఆ చిన్న రైలు మా అపార్ట్‌మెంట్ బ్లాకుల చుట్టూ తిరిగి మళ్లీ బయల్దేరిన చోటికే వస్తుంది. తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నేను ఎక్కడ దిగాలో నాకు తెలియలేదు. నిద్రపోలేదు, ఫోను కూడా చూడటం లేదు. స్టేషన్ల పేర్లు చదువుతూనే ఉన్నాను, వాటిలో మాది ఏదో తేల్చుకోలేకపోయాను. రైలు చుట్టు తిరిగి నేను ఎక్కిన స్టేషన్‌కే వచ్చేసింది. రెండో చుట్టులో మా బ్లాకు కింది కాఫీషాపు కనబడితే గబగబా దిగేశాను. ఆలస్యమెందుకైందని మా ఆయన అడిగితే, కాల్‌లో ఉండి స్టేషన్ దాటిపోయానని చెప్పాను.

"నీ కాల్స్ తగలెయ్య," అని నవ్వేశారు ఆయన.

ఆ సాకు ఎంత బాగా పనిచేసిందో! ఈ ఊళ్లో బిజీగా ఉన్నానంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. పైగా నాకు నలభై ఎనిమిదేళ్లు, ఈ వయసులో ఆడవాళ్లందరికీ ఉండే మతిమరుపే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాస్త నిదానిస్తే అదే తగ్గిపోతుందనుకున్నాను.

క్లాసులో చెప్పినవాటిలో ఒక్కటి నాకు పట్టుబడింది. ఏ పని చేస్తున్నా, ఇక్కడ ఉన్నాను, ఇది చేస్తున్నాను అని లోపల అనుకోమంది ఆ అమ్మాయి. ఓస్, ఇంతేనా అనిపించింది. మన ఇళ్లలో పూజకి ముందు సంకల్పం చెప్పుకోవడం లేదూ? ఏ దేశంలో ఉన్నాం, ఏ తిథి, ఏ వారం, ఎవరి గోత్రం ఏది, ఏం కోరి చేస్తున్నాం, ఇవన్నీ చెప్పుకున్నాకే కదా పూజ మొదలయ్యేది. సరే, నేనూ మర్నాటి నుంచి మొదలుపెట్టాను. ఇవాళ మంగళవారం, పుంగ్గోల్‌లో మా వంటింట్లో ఉన్నాను, కందిపప్పు కడుగుతున్నాను. దేవుడికి చెప్పాల్సింది కుక్కర్‌కి చెప్పుకునేదాన్ని. లోపల అనుకోవాల్సింది పైకే వచ్చేసేది.

"అమ్మా, యూ టాకింగ్ టు హూ ఆ?" అంది మా అమ్మాయి, బూట్లు తొడుక్కుంటూ. దానికి పదహారేళ్లు, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఇంగ్లీషూ ఇక్కడి యాసే.

"పప్పుతో."

"యూ ఓకే నాట్?"

"నా సంగతి సరేగానీ, నీ బస్సు సంగతి చూసుకో తల్లీ."

కొన్ని వారాలు అలాగే చేశాను. నిజం చెప్పాలంటే, హాయిగా లేదు. మునుపు హడావుడిలో కొట్టుకుపోయేవన్నీ ఇప్పుడు కళ్ల ముందు ఆగి నిలబడుతున్నాయి. ఒకరోజు పోపు వేస్తూ డబ్బా చేతిలో పట్టుకుని ఇంగువ అనే మాట కోసం వెతుక్కున్నాను. వాసన తెలుస్తోంది, మాట రాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎరిగిన మాట! తొందరలో మర్చిపోయానంటే ఎవరైనా నమ్ముతారు. నిదానంగా, మనసు పెట్టి చేస్తూ మర్చిపోతే ఏమని చెప్పుకోను? ఈ ధ్యాస పెట్టడం ఎందుకు నేర్చుకున్నానురా భగవంతుడా అని ఏడుపొచ్చింది.

అమ్మాయికి పరీక్షలు దగ్గరపడుతున్నాయని ఒక ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. తెలిసినవాళ్లు నాలుగైదు కుటుంబాలు వచ్చాయి. పంతులుగారు సంకల్పం మొదలుపెట్టి గోత్రం, పేర్లు, నక్షత్రాలు అడిగారు. మా ఆయనకి నక్షత్రాలు ఏనాడూ గుర్తుండవు, ప్రతి పూజలోనూ నేనే అందిస్తాను. అలవాటుగా ఆయన నావైపు తిరిగారు.

"అమ్మాయిది ఏంటి?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఫోను లోపల గదిలో ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. చెయ్యాల్సిన పని ఇంకేదీ లేదు. నా ధ్యాసంతా అక్కడే ఉంది, నా కూతురి నక్షత్రం మాత్రం నాకు గుర్తు రాలేదు. పంతులుగారు అక్షింతలు పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు.

"మృగశిర, రెండో పాదం," అంది వెనక నుంచి మా అమ్మాయి.

"నీకన్నా అదే నయమే," అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అందరూ భోంచేసి వెళ్లిపోయాక ఆయన పంతులుగారిని దింపడానికి కిందికి వెళ్లారు. అమ్మాయి గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడుస్తున్నాను.

"పాదంతో సహా ఎట్లా చెప్పావే?"

"ఐ మెమరైజ్డ్. ఎప్పుడైనా నీకు గుర్తు రాకపోతే నేను చెప్పాలి కదా."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "గుర్తు రాకపోవడమేంటి?"

అది కొళాయి కట్టేసింది. నావైపు చూడలేదు. "అమ్మా, నువ్వు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతావ్. నేను జస్ట్ ఆన్సర్ చేస్తా. ఫస్ట్ టైమ్ అడిగినట్టే."

"ఎప్పట్నుంచి?"

"లాస్ట్ ఇయర్ నుంచి."

"నాన్నకి చెప్పావా?"

"నో లా. చెప్తే నువ్వు ఫీలవుతావ్ కదా."

కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. వీళ్ల ముందు ఏమీ బయటపడకుండా నెట్టుకొస్తున్నానని నేననుకుంటుంటే, ఈ పిల్ల తన చదువు తను చదువుకుంటూ నన్ను కాస్తోంది. దాని సబ్బు చేతులు రెండూ పట్టుకున్నాను.

"ఇవాళే నాన్నకి చెప్తాను. డాక్టర్ దగ్గరికి వెళ్దాం," అన్నాను. "ముందు నీ పరీక్షలు కానివ్వు. ఎప్పట్నుంచి అవి?"

"నెక్స్ట్ మండే నుంచి, అమ్మా."

ఎంతో మామూలుగా చెప్పింది. విసుగు లేదు, చిరాకు లేదు. ఆ మాట ఇప్పుడే అడిగానో, పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉన్నానో, ఆ గొంతు విని నేను తెలుసుకోలేకపోయాను.